గంట ప్రయాణానికి ఎన్ని గంటలు?

విజయవాడ నుంచి విశాఖపట్నం ఎంత దూరమని పదిమందిని అడిగితే మూడు నాలుగు సమాధానాలు వస్తాయి. రైల్వే లెక్కలో 350 కిలోమీటర్లు. పదహారో నంబరు జాతీయ రహదారి మీద కారులో వెళ్లేవారికీ దాదాపు అంతే. ఊళ్లో ఎక్కడ బయల్దేరారు, ఎక్కడ దిగారు అన్నదాన్ని బట్టి పది కిలోమీటర్లు అటూ ఇటూ అవుతుంది. విమానం టికెట్ కొనబోతూ ఫోనులో వెతికినవారికి మాత్రం 290 కనిపిస్తుంది. ఇంకోచోట 180 అని ఉంటుంది, మరోచోట 157 అని. వీటిలో ఏదీ తప్పు కాదు. 290 కిలోమీటర్లు, 180 మైళ్లు, 157 నాటికల్ మైళ్లు ఒకే దూరం. నాటికల్ మైలంటే సరిగ్గా 1.852 కిలోమీటర్లు. పైలట్లు, కంట్రోలర్లు మాట్లాడుకునేది ఆ లెక్కలోనే.

సమయం దగ్గరకొస్తే గందరగోళం ఇంకా ఎక్కువ. గాలిలో ఉండేది నలభై నిమిషాల చిల్లర, టికెట్ మీద గంట, ఇంటి నుంచి బయల్దేరి అవతలి ఊళ్లో పని చోటికి చేరేసరికి నాలుగు గంటలు. మూడూ ఆ ఒక్క ప్రయాణానివే. చాలామంది మధ్య అంకెను చూసి టికెట్ కొంటారు, చివరి అంకె ప్రకారం ఆలస్యమవుతారు. ఉదయం పదకొండుకు మీటింగ్ ఉన్నప్పుడు, సాయంత్రం ముహూర్తానికి అందుకోవాల్సినప్పుడు, పెద్దవాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లాల్సినప్పుడు ఈ తేడా చాలా ఖరీదైనది. ఏ ప్రశ్నకు ఏ అంకె జవాబో ముందే తెలిస్తే ఆ ఖరీదు కట్టక్కర్లేదు.

ముందు దూరం సంగతి. రెండు విమానాశ్రయాల మధ్య దూరమని కనిపించే అంకె భూగోళం మీద వాటిని కలిపే అతి దగ్గరి గీత పొడవు. దాన్ని కొలవడానికి విమానం ఎక్కిన మనిషి అవసరం లేదు, అక్షాంశ రేఖాంశాలు ఉంటే చాలు. ఇంటి దగ్గర కూర్చుని ఫోనులోని క్యాలిక్యులేటర్‌తో ఎవరైనా వేసుకోగల లెక్క ఇది. గన్నవరం విమానాశ్రయం 16.53 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80.80 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. విశాఖ విమానాశ్రయం 17.72, 83.22 మీద ఉంది. అక్షాంశాల తేడా 1.19 డిగ్రీలు. ఒక్కో డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున ఉత్తరానికి 132 కిలోమీటర్లు. రేఖాంశాల తేడా 2.42 డిగ్రీలు. రేఖాంశాలు ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ దగ్గరవుతాయి కాబట్టి కోస్తా ఆంధ్ర ఉన్న అక్షాంశాల దగ్గర డిగ్రీకి 106 కిలోమీటర్లే వేసుకోవాలి. అంటే తూర్పుకు 257. ఈ రెంటినీ వర్గం చేసి, కలిపి, వర్గమూలం తీస్తే 289 వస్తుంది. భూమి ఆకారాన్ని పూర్తిగా లెక్కలోకి తీసుకునే సాఫ్ట్‌వేర్ చెప్పే 290కి ఇది ఒక్క కిలోమీటరు తక్కువ. ఏడో ఎనిమిదో తరగతిలో నేర్చుకున్న పైథాగరస్ సిద్ధాంతం రెండు తెలుగు ఊళ్ల మధ్య ఇంత చక్కగా పనిచేస్తుంది. ఇంట్లో బడి పిల్లలుంటే వాళ్ల చేతే ఈ లెక్క వేయించవచ్చు.

ఈ అంకె పనికొచ్చేది ఒక్కందుకే: గాల్లో గడిచే సమయాన్ని అంచనా వేయడానికి. రోడ్డు ఎంత వంకర తిరిగిందో అది చెప్పదు. హైదరాబాద్, విజయవాడల మధ్య శంషాబాద్ నుంచి గన్నవరానికి సూటి దూరం 264 కిలోమీటర్లు. రెండు నగరాల మధ్య రోడ్డు దాదాపు 275. రోడ్డే ఇంచుమించు సూటిగా వెళ్తోంది కాబట్టి విమానం దూరంలో కలిసొచ్చేది దాదాపు ఏమీ లేదు. రాజమహేంద్రవరం నుంచి తిరుపతికి మాత్రం మధురపూడి, రేణిగుంట విమానాశ్రయాల మధ్య గీత 456 కిలోమీటర్లుంటే, రోడ్డు తీరం వెంబడి ఒంగోలు, నెల్లూరు మీదుగా తిరిగి 550 దాటుతుంది. విశాఖ నుంచి అండమాన్‌కైతే రోడ్డన్న మాటే లేదు. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు గీత సుమారు 1,225 కిలోమీటర్లు, ఓడలో రెండు రోజులకు పైగా ప్రయాణం. అలాంటి చోట విమానం విలువ గురించి వేరే లెక్కలు అక్కర్లేదు. తికమకంతా 250 నుంచి 450 కిలోమీటర్ల మధ్యే. ప్రాంతీయ విమానాశ్రయాల మధ్య దూరాలు ఎక్కువగా ఆ మధ్యలోనే ఉంటాయి.

ఇక విమానం ఆ గీత మీద నడుస్తుందా అంటే, నడవదు. ఇందులో మొదటి కారణం రన్‌వే. ప్రతి రన్‌వే చివర పెద్ద తెల్లటి అంకెలుంటాయి. కిటికీ పక్క సీటు దొరికినవారు విమానం తిరిగేటప్పుడు గమనించవచ్చు. గన్నవరంలో అవి 08, 26. విశాఖలో 10, 28. పక్కన సున్నా చేరిస్తే దిక్సూచి మీద దిశ వస్తుంది: 80 డిగ్రీలు, 260 డిగ్రీలు, 100, 280. తూర్పంటే 90. విజయవాడ నుంచి విశాఖ 63 డిగ్రీల దిశలో, అంటే ఈశాన్యానికి కాస్త తూర్పుగా ఉంది. గన్నవరంలో 08 మీద పరుగెత్తి లేచిన విమానం దాదాపు విశాఖ వైపే ముక్కు పెట్టి ఉంటుంది. 26 మీద లేస్తే ముందు పడమటికి వెళ్లి, ఎత్తు అందుకుని, వెనక్కి తిరగాలి. ఏ వైపు లేవాలన్నది గాలి నిర్ణయిస్తుంది. విమానాలు ఎదురుగాలిలోకే లేస్తాయి, ఎదురుగాలిలోకే దిగుతాయి.

విశాఖలో దిగడం చూడదగ్గ దృశ్యం. పడమటి గాలి వీచే రోజుల్లో విమానం 28 మీద, అంటే పడమటి వైపు ముఖం పెట్టి దిగాలి. విజయవాడ నుంచి వచ్చే విమానమేమో పడమటి నుంచే వస్తుంది. కాబట్టి అది ఊరిని దాటి సముద్రం మీదికి వెళ్లి, అక్కడ చుట్టు తిరిగి, రేవు వైపు నుంచి వెనక్కి వస్తుంది. కిటికీలోంచి మొదట ఊరు, తర్వాత లంగరేసిన ఓడలు, తర్వాత నీళ్లు, మళ్లీ ఓడలు, డాల్ఫిన్స్ నోస్ కొండ, ఆ వెంటనే రన్‌వే. కొత్తగా ఎక్కినవారు విమానం ఊరు దాటి పోతోందేమోనని కంగారు పడతారు. కంగారు అక్కర్లేదు, కానీ ఆ చుట్టులో ముప్పై నలభై కిలోమీటర్లు, ఐదారు నిమిషాలు సులువుగా కలుస్తాయి. 290 కిలోమీటర్ల ప్రయాణంలో అది చిన్న వాటా కాదు. పైగా ఆ రన్‌వే నౌకాదళానిది. ఐఎన్ఎస్ డేగా స్థావరంలో పౌర విమానాలకు చోటిచ్చారు. నేవీ విమానాలు ఎగిరే వేళల్లో మిగతావారు ఆగాలి. షెడ్యూలు వేసేవారు దాన్నీ దృష్టిలో పెట్టుకోవాలి.

రెండో కారణం ఎత్తు. మామూలుగా పైలట్లు వాడే కొండగుర్తు ప్రకారం ప్రతి వెయ్యి అడుగులు దిగడానికి మూడు నాటికల్ మైళ్లు కావాలి. ముప్పై వేల అడుగుల నుంచి దిగాలంటే తొంభై నాటికల్ మైళ్లు, అంటే 167 కిలోమీటర్ల ముందే దిగడం మొదలుపెట్టాలి. గన్నవరం, విశాఖల మధ్య ఉన్నదే 290. సగం దాటకముందే దిగడం మొదలైతే ఇక పైన స్థిరంగా ఎగిరేదెప్పుడు? అందుకే ఈ దారిలో విమానం ఎక్కుతూనే ఉంటుంది, ఆ తర్వాత దిగుతూనే ఉంటుంది. క్యాబిన్ సిబ్బంది నీళ్ల సీసాలు ఇచ్చి ఖాళీవి ఏరుకునేలోపే సీటు బెల్టు గుర్తు మళ్లీ వెలుగుతుంది. పదివేల అడుగుల కింద సాధారణంగా 250 నాట్ల వేగం, అంటే గంటకు 463 కిలోమీటర్లు దాటకూడదన్న పరిమితి కూడా ఉంది. ఎంత పెద్ద జెట్టయినా ఆ పరిమితికి తలవంచాల్సిందే.

ఈ సంగతి తెలిసినవారు చిన్న విమానాన్ని చూసి ముఖం చిట్లించరు. ప్రొపెల్లర్లున్న ఏటీఆర్ 72 గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది. ఎయిర్‌బస్ ఎ320 లాంటి జెట్ పైకి వెళ్లాక 800 దాటుతుంది. ఇంటి దగ్గర వేసుకునే అంచనాకు ఒక పద్ధతి ఉంది: జెట్టయితే దూరాన్ని 800తో భాగించి అరగంట కలపాలి, ఏటీఆర్ అయితే 500తో భాగించి ఇరవై ఐదు నిమిషాలు కలపాలి. రన్‌వే దాకా నడవడం, లేవడం, దిగడం, చుట్టు తిరగడం అన్నీ ఆ కలిపిన నిమిషాల్లో ఇముడుతాయి. విజయవాడ నుంచి విశాఖకు జెట్‌లో 52 నిమిషాలు, ఏటీఆర్‌లో 60. తేడా ఎనిమిది నిమిషాలే. అదే హైదరాబాద్ నుంచి ఢిల్లీకి 1,260 కిలోమీటర్లకు లెక్కేస్తే జెట్‌కు రెండు గంటల ఐదు నిమిషాలు, ఏటీఆర్‌కు మూడు గంటలు. చిన్న దూరాల్లో చిన్న విమానమే సరైనదని విమాన సంస్థలు ఎందుకు నమ్ముతాయో ఈ రెండు లెక్కలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

ఏటీఆర్ ఎక్కేవారికి తెలియాల్సినవి ఇంకో రెండున్నాయి. ప్రయాణికులు ఎక్కే తలుపు వెనక ఉంటుంది, సామాను ముందు భాగంలో వేస్తారు. కాబట్టి త్వరగా దిగాలనుకునేవారు వెనక వరసల్లో సీటు అడగాలి. తల పైన అరలు చిన్నవి. జెట్‌లో సులువుగా పట్టిన చక్రాల పెట్టె ఇక్కడ పట్టకపోవచ్చు. మెత్తటి బ్యాగు మేలు.

గాలి కూడా సమయాన్ని మారుస్తుంది, అయితే ఈ దూరానికి భయపడేంత కాదు. గంటకు 500 కిలోమీటర్ల వేగంతో వెళ్లే విమానానికి 50 కిలోమీటర్ల గాలి వెనక నుంచి తోస్తే 290 కిలోమీటర్లు 32 నిమిషాల్లో దాటుతుంది. ఎదురొస్తే 39 పడుతుంది. ఏడు నిమిషాలు. వెళ్లేటప్పటికీ వచ్చేటప్పటికీ టికెట్ మీద ఐదు పది నిమిషాల తేడా కనిపించడానికి కారణాల్లో ఇదొకటి.

టికెట్ మీద ఉండే సమయానికి విమాన సంస్థల భాషలో బ్లాక్ టైమ్ అని పేరు. నిలబడి ఉన్న విమానం చక్రాలకు అడ్డుగా పెట్టే దిమ్మలను చాక్స్ అంటారు. అవి తీసి విమానం కదిలిన క్షణం నుంచి, అవతలి ఊళ్లో నిలబడి మళ్లీ అవి పెట్టే క్షణం దాకా బ్లాక్ టైమ్. అందులో ఎగిరే సమయం ఒక భాగమే. దూరం తగ్గేకొద్దీ ఆ భాగం ఎంత చిన్నదవుతుందో చూడాలంటే స్కాట్లాండ్ ఉత్తరాన ఉన్న ఆర్క్నీ దీవుల్లోకి వెళ్లాలి. వెస్ట్రే, పాపా వెస్ట్రే దీవుల మధ్య లోగనెయిర్ సంస్థ నడిపే సర్వీసు ప్రపంచంలోనే అతి చిన్న షెడ్యూల్డ్ విమాన ప్రయాణం. దూరం 2.7 కిలోమీటర్లు, టైంటేబుల్‌లో రెండు నిమిషాలు, గాలి అనుకూలించిన ఒక రోజు 53 సెకన్లలో దాటిన రికార్డు ఉంది. మధ్యలో సముద్రం ఉంది కాబట్టి అక్కడి జనానికి ఆ రెండు నిమిషాలు ఎంతో విలువైనవి.

తెలుగు ఊళ్ల మధ్య సముద్రం లేదు. రైలుంది, నాలుగు వరసల రోడ్డుంది. కాబట్టి గడప నుంచి గడపకు లెక్క వేయాల్సిందే. విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఉండే ఒక ఉద్యోగికి విశాఖ సిరిపురంలో పని ఉందనుకుందాం. బెంజి సర్కిల్ నుంచి రామవరప్పాడు, నిడమానూరు మీదుగా గన్నవరం విమానాశ్రయానికి ఇరవై కిలోమీటర్లు. క్యాబ్ పిలిచి, అది వచ్చి, ట్రాఫిక్ దాటేసరికి నలభై నిమిషాలు. దేశీయ విమానాలకు చాలా సంస్థలు గంట ముందు లగేజీ కౌంటర్ మూసేస్తాయి. బోర్డింగ్ గేటు 20, 25 నిమిషాల ముందు మూస్తారు. గుమ్మం దగ్గర గుర్తింపు కార్డు, లోపల సెక్యూరిటీ క్యూ ఉండనే ఉన్నాయి. ముఖాన్నే గుర్తింపుగా చూపించే డిజియాత్ర దేశంలో మొదట అమలైన ఏడు విమానాశ్రయాల్లో విజయవాడ ఒకటి. అది వాడుకుంటే గుమ్మం దగ్గర కొంత కలిసొస్తుంది. అయినా సామాను ఉన్న మనిషి గంటా ఇరవై నిమిషాలు ముందుండాలి. విమానం గంట. విశాఖలో దిగి, బెల్టు మీద పెట్టె అందుకుని, బయటికొచ్చి క్యాబ్ ఎక్కేసరికి ఇరవై ఐదు నిమిషాలు. ఎన్ఏడీ కూడలి మీదుగా సిరిపురానికి పన్నెండు పదమూడు కిలోమీటర్లు, ఆఫీసుల వేళ నలభై నిమిషాలు. మొత్తం నాలుగు గంటల ఐదు నిమిషాలు. అందులో విమానం గాల్లో ఉన్నది ముప్పావుగంట లోపే.

అదే మనిషి వందే భారత్ ఎక్కితే? 2023 సంక్రాంతి రోజున సికింద్రాబాద్, విశాఖల మధ్య మొదలైన ఈ రైలు విజయవాడ, విశాఖల మధ్య దూరాన్ని నాలుగు గంటల చిల్లరలో దాటుతుంది. బెంజి సర్కిల్ నుంచి స్టేషన్ ఐదు కిలోమీటర్లు, విశాఖ స్టేషన్ నుంచి సిరిపురం నాలుగు. ఇటు నలభై నిమిషాలు, అటు ఇరవై వేసుకుంటే ఐదు గంటల చిల్లర. విమానం మీద తేడా గంట. ఆ గంటకు ఎంత ఇవ్వొచ్చో ఎవరికి వారు తేల్చుకోవాలి. ఇంకో విషయం కూడా తూచాలి. రైల్లో నాలుగు గంటలూ ఒకే సీటు, ల్యాప్‌టాప్ తెరిచి పని చేసుకోవచ్చు, గోదావరి వంతెన మీద కిటికీలోంచి చూడొచ్చు. విమాన ప్రయాణంలో ఉన్న నాలుగు గంటలు ఏడెనిమిది ముక్కలుగా విరిగి ఉంటాయి, ఏ ముక్కలోనూ పని సాగదు. ఈ వ్యాసకర్త దృష్టిలో ఆ తేడాకు గంట కన్నా ఎక్కువ విలువుంది.

అయితే వేగం ఒక్కటే చూస్తే మళ్లీ దెబ్బతింటారు. వందే భారత్ రైళ్లు సికింద్రాబాద్‌లో బయల్దేరి విజయవాడ చేరేసరికి బాగా పొద్దెక్కుతుంది. పదకొండు గంటల మీటింగ్‌కు అవి పనికిరావు. తెల్లవారగానే విజయవాడలో బయల్దేరే రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ విశాఖ చేరేసరికి మధ్యాహ్నమవుతుంది. అలాంటప్పుడు రాత్రి రైలే దిక్కు, ఒక్కోసారి అదే అన్నిటికన్నా మంచి దారి. ఆరేడు గంటలు పట్టినా ఆ గంటలు నిద్రలో గడుస్తాయి. పగటి పని గంట ఒక్కటీ పోదు. ప్రయాణ సమయం ఎంత అన్నదానితోపాటు, రోజులో ఏ గంటలు పోతున్నాయన్నది కూడా లెక్కలో ఉండాలి.

మనిషి ఉండే చోటు మారితే జవాబే తిరగబడుతుంది. హనుమాన్ జంక్షన్‌లోనో నూజివీడులోనో ఉండేవారికి గన్నవరం దగ్గర, విజయవాడ స్టేషన్ దూరం. వారికి విమానం బాగా కలిసొస్తుంది. ఏలూరు మనిషి గన్నవరం రావాలంటే విశాఖకు వ్యతిరేక దిశలో నలభై కిలోమీటర్లు వెనక్కి రావాలి. పైగా ఏలూరు విజయవాడ కన్నా రైలు దారిలో విశాఖకు 60 కిలోమీటర్లు దగ్గర. ఏలూరులో ఆగే సూపర్‌ఫాస్ట్ ఉండగా వారు విమానం గురించి ఆలోచించాల్సిన పనే లేదు.

నేరుగా విమానం లేని ఊళ్ల సంగతి వేరు. కడప నుంచి రాజమహేంద్రవరానికి సూటి గీత 435 కిలోమీటర్లు. హైదరాబాద్‌లో మారి వెళ్లాల్సి వస్తే ముందు ఉత్తరానికి 304, తర్వాత తూర్పుకు 361, మొత్తం 665 కిలోమీటర్లు ఎగరాలి. గాల్లో తిరిగే దూరం ఒకటిన్నర రెట్లయినా అసలు నష్టం అక్కడ కాదు, మధ్యలో శంషాబాద్‌లో కూర్చునే గంటల్లో ఉంది. రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉంటే మొదటిది ఆలస్యమైనప్పుడు రెండోదాని బాధ్యత విమాన సంస్థది. వంద రూపాయలు తక్కువని రెండు వేర్వేరు టికెట్లు కొన్నవారికి ఆ భరోసా ఉండదు. సామాను కూడా హైదరాబాద్‌లో తీసుకుని, బయటికొచ్చి, మళ్లీ కౌంటర్‌లో ఇవ్వాలి. విడి టికెట్లు తప్పనిసరైతే మధ్యలో కనీసం మూడు గంటలు వదలడం క్షేమం.

కడప పేరొచ్చింది కాబట్టి ఇంకో సంగతి. చిన్న ఊళ్లకు విమానాలు తెచ్చిన ఉడాన్ పథకం 2017 ఏప్రిల్ 27న సిమ్లా, ఢిల్లీ విమానంతో మొదలైంది. అదే రోజు జెండా ఊపిన మిగతా రెండు దారులూ హైదరాబాద్ మీదివే: ఒకటి కడపకు, రెండోది నాందేడ్‌కు. ఆ పథకం ధరను దూరంతో, సమయంతో ముడిపెట్టింది. గంటలో చేరే, సుమారు 500 కిలోమీటర్ల ప్రయాణానికి రాయితీ సీట్ల ధర రూ.2,500 మించకూడదని మొదట్లో పరిమితి పెట్టారు. దూరం తగ్గితే పరిమితీ తగ్గుతుంది.

దూరానికి డబ్బుతో ముడి ఉన్నట్టే బ్లాక్ టైమ్‌కు ప్రయాణికుడి హక్కులతో ముడి ఉంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం రెండున్నర గంటల లోపు బ్లాక్ టైమ్ ఉన్న విమానం రెండు గంటలు, అంతకు మించి ఆలస్యమైతే కౌంటర్ దగ్గర వేచి ఉన్నవారికి తినడానికి, తాగడానికి ఇవ్వాలి. ప్రాంతీయ విమానాలన్నీ దాదాపు ఈ కోవలోకే వస్తాయి. ఆలస్యం ఆరు గంటలు దాటుతుందని తేలితే ఇంకో విమానమో, పూర్తి డబ్బు వాపసో కోరుకోవచ్చు. ముందుగా చెప్పకుండా విమానం రద్దు చేస్తే టికెట్ డబ్బుతోపాటు పరిహారం కూడా ఉంది. గంట లోపు బ్లాక్ టైమ్‌కు రూ.5,000, గంట దాటి రెండు గంటల లోపైతే రూ.7,500, ఆపైన రూ.10,000, లేదా మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం. రెంటిలో ఏది తక్కువైతే అది ఇస్తారు. టికెట్ మీద గంటా ఐదు నిమిషాలని ఉంటే రెండో వరసలోకి వస్తారు. తుపాను, పొగమంచు వంటి చేతిలో లేని కారణాలకు ఈ పరిహారం వర్తించదు. కౌంటర్ దగ్గర గొడవ పడేకన్నా, కారణం ఏమిటో లిఖితంగా అడిగి, మెసేజ్‌ను స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోవడం ఎక్కువ పనికొస్తుంది.

పొగమంచు సంగతి చిన్నది కాదు. డిసెంబరు, జనవరి ఉదయాల్లో గన్నవరం చుట్టూ పొలాలు, చెరువులు, కాలువల మీద దట్టంగా మంచు పడుతుంది. రన్‌వే కనిపించక విమానాలు పైన చక్కర్లు కొట్టడం, ఒక్కోసారి హైదరాబాద్‌కు తిరిగి వెళ్లిపోవడం దాదాపు ప్రతి శీతాకాలం వార్తల్లో వస్తుంది. ఏడాదిలో మిగతా నెలల్లో పొద్దున్నే మొదటి విమానం ఎంచుకోవడం తెలివైన పని. అంతకుముందు సర్వీసుల ఆలస్యం దాని మీద పడదు. ఆ రెండు నెలలు మాత్రం ఎండ కాస్త ముదిరాక బయల్దేరే విమానం మేలు. మే, జూన్ సాయంత్రాల్లో ఈదురుగాలులు, ఉరుములు మామూలే కాబట్టి అప్పుడు మధ్యాహ్నం లోపు ప్రయాణం పెట్టుకోవడం మంచిది.

విదేశాలకు వెళ్లేవారు, ముఖ్యంగా పిల్లల దగ్గరికి మొదటిసారి బయల్దేరే అమ్మానాన్నలు, టికెట్ మీద చేరే వేళలోంచి బయల్దేరే వేళను తీసివేసి అదే ప్రయాణ సమయం అనుకోకూడదు. బయల్దేరే వేళ ఇక్కడి గడియారం ప్రకారం, చేరే వేళ అక్కడి గడియారం ప్రకారం వేస్తారు. సింగపూర్ మనకన్నా రెండున్నర గంటలు ముందు, షార్జా గంటన్నర వెనక. టికెట్‌లో ప్రయాణ వ్యవధి అని విడిగా ఉండే అంకెనే చూడాలి.

విశాఖ ప్రయాణికులైతే తమ లెక్కలు మళ్లీ మొదటి నుంచి వేసుకోవాలి. ఊరికి ఉత్తరాన భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరుతో కొత్త విమానాశ్రయాన్ని తలపెట్టారు. నగరం నుంచి అది సుమారు 45 కిలోమీటర్లు. విమానాలు అక్కడికి మారితే గన్నవరం నుంచి గాల్లో దూరం కాస్త పెరుగుతుంది, కానీ ఆ పెరుగుదల నాలుగైదు నిమిషాలే. నేల మీద మాత్రం సిరిపురం మనిషికి నలభై నిమిషాలు గంట దాటుతుంది, విజయవాడ నుంచి మొత్తం నాలుగు గంటల ఐదు నిమిషాలు కాస్తా నాలుగున్నర దాటుతుంది, వందే భారత్‌తో గంట తేడా సగం అవుతుంది. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలవారికి అదే మార్పు పెద్ద లాభం. విమానం కోసం విశాఖ ట్రాఫిక్‌లోకి దిగాల్సిన పని తప్పుతుంది. ఎక్కువ నష్టపోయేది గాజువాక, స్టీల్‌ప్లాంట్ వైపు ఉండేవారు. ఇప్పుడు విమానాశ్రయం వారికి పక్కనే ఉంది, అప్పుడు నగరమంతా దాటి వెళ్లాలి. వారికి పక్కనే దువ్వాడ స్టేషన్ ఉంది. విజయవాడ వైపు వెళ్లే రైళ్లలో ఏవేవి అక్కడ ఆగుతాయో, ఏ వేళకు వస్తాయో ఆ ప్రాంతంవారు ఇప్పటి నుంచే చూసి పెట్టుకోవడం మంచిది.